చీర కట్టుకున్నది నేను కాదు

పాలగుంట,
చిత్తూరు జిల్లా.
జూన్ 2001.

పాలగుంట పురపాలక సంఘం కమీషనర్ గారి సముఖమునకు, గంగమ్మ గుడి వీధి కాపురస్తురాలు, వరదయ్య భార్య కుప్పమ్మ, వృత్తి ఇడ్లీ దోసె పిండి రుబ్బి అమ్ముట, సవినయముగా వ్రాసుకొన్న అర్జీ.

విషయం: పురపాలక సంఘం వారి మహిళా చిరువ్యాపారుల సహాయ నిధి క్రింద నాకు మంజూరు కావలసిన పిండి గ్రైండరును, దరఖాస్తుదారు ఆడమనిషి కాదను కారణముచే నిలిపివేయుట గురించి.

అయ్యా,

పైన రాసినంత వరకు తాలూకాఫీసు ముందర అర్జీలు రాసే మునిరామయ్య చెప్తా ఉంటే నేను రాసుకున్నది. తక్కినది కూడా తానే చెప్తానన్నాడు. అయితే ఆయన జయరావుగారితో కలిసి టీ తాగడం నా కళ్లారా చూసినాను గనుక అక్కడితో చాలించి ఇంటికి తెచ్చుకున్నాను. జయరావుగారంటే తమ ఆఫీసులో ఈ నిధి కాగితాలు చూసే గుమస్తా. ఆయన సంగతి ముందు ముందు వస్తుంది. నేను ఏడో తరగతి దాకా చదివినాను. ఇందులో తప్పులుంటే మన్నించవలెను. అబద్ధాలు మాత్రం ఉండవు.

1. పోయిన చలికాలంలో తమ ఆఫీసు వారు ఆటోకు మైకు కట్టి, బ్యాంకులు అప్పివ్వని ఆడవాళ్లకు పురపాలక సంఘమే అండగా నిలబడుతుందని, పనిముట్టు ఖరీదులో ఎక్కువ భాగం తామే పెట్టుకుంటామని, మిగిలినది వాయిదాల్లో కడితే చాలునని వీధి వీధికీ చెప్పించినారు. నేను నమ్మలేదు. సర్కారు పిలిచి ఇస్తానంటే కొంగు ముడేసుకొని దూరంగా నిలబడమని మా అమ్మ చెప్పేది. కానీ అంతకు ముందే బ్యాంకుకు పోయి వచ్చి ఉన్నాను. ఆడ పొలం కాగితాలు తెమ్మన్నారు. పొలముంటే నేను ఊరందరి పిండి ఎందుకు రుబ్బుతాను సార్?

తిరుమల బస్సులు ఆగే చోట ఉన్న రెండు హోటళ్లకూ, మా వీధిలో సగం ఇళ్లకూ నేనే పిండి పోస్తాను. అంతా రుబ్బురోట్లోనే. ఇప్పుడు కుడి భుజం పైకి లేవడం లేదు. నా జడ నా కూతురు రూపశ్రీ వేస్తుంది. హోటలు వాళ్లు ఇంకా ఎక్కువ పిండి కావాలంటున్నారు, నేను పోయలేకుండా ఉన్నాను. పోయకపోతే వాళ్లు వేరే చోట చూసుకుంటారు, అది వాళ్ల తప్పు గాదు. అందువలన నమ్మకం లేకపోయినా దరఖాస్తు పెట్టినాను. కోయంబత్తూరు గ్రైండరు ఒకటి నా పేరుకు రాసినారని, ఇంటికొచ్చి విచారణ చేసినాక ఇస్తారని జయరావుగారే చెప్పినారు. ఆ గ్రైండరు తమ ఆఫీసు వెనక గదిలో గోనెపట్ట కప్పి ఉండాది. కిటికీలోంచి చూసినాను.

2. తమరు ఈ జిల్లావారు కారని విన్నాను, అందుకని ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తాను.

పోయిన యేడు నా భర్త వరదయ్యకు పచ్చకామెర్లు వచ్చి, మనిషి దక్కుతాడో లేదో అన్నట్టు అయిపోయినాడు. అప్పుడు నేను మా గంగమ్మకు మొక్కుకున్నాను. తల్లీ, ఈయన లేచి తిరిగితే జాతరకు నా చీర కట్టించి, మాతంగి వేషం వేయించి నీ గుడికి పంపిస్తానని. అమ్మ చల్లగా చూసింది, ఆయన లేచినాడు. మొక్కింది నేనే గనుక, జరిగిన దానికి ఆయన్ను నోరారా తిట్టను కూడా లేకుండా ఉన్నాను.

మా పాలగుంట గంగమ్మ తిరుపతి గంగమ్మకు చెల్లెలని పెద్దలు చెప్తారు. ఈ జాతరలో మొగోళ్లు చీరలు కట్టడం, వేషం కట్టినోళ్లు ఎదురొచ్చినోళ్లను బూతులు తిట్టడం మా తాతల కాలం నుండి ఉండాది. వేషం మీద ఉన్నోడు తిడితే అమ్మ తిట్టించినట్టు లెక్క. తిట్టించుకున్నోళ్లు నవ్వి, దణ్ణం పెట్టి పోవాల. ఎస్సై గారు కూడా అట్లే పోతారు. ఇంకొకటి, మా వీధి ఆనవాయితీ ప్రకారం వేషం విప్పేదాకా మొగోడు తన పేరు చెప్పకూడదు. ఎవరి చీర కట్టినాడో ఆమె పేరే చెప్పాల. తన పేరు చెప్తే మొక్కు చెడిపోతుంది.

జాతర నాడు పొద్దున్నే నేను గుడి దగ్గర పొంగళ్లు పెట్టను పోయినాను. హోటలు వాళ్లు పిండికి వస్తారని మా ఆయన్ను ఇంటి ముందరి మా అంగడిలో ఉండమన్నాను. నా మెరూన్ రంగు చుంగిడి చీర కట్టి, గాజులేసి, మల్లెపూలు పెట్టి నేనే కూర్చోబెట్టి పోయినాను. మీసం తీయమంటే తీయలేదు. మాతంగికి మీసం అడ్డం గాదంట.

ఆ సమయంలో కోస్తా నుండి బదిలీ మీద కొత్తగా వచ్చిన తమ విచారణ అధికారి అమర్‌నాథ్ గారు, జయరావుగారిని వెంటబెట్టుకొని మా అంగడికి దయచేసినారు. నేను ఆడ లేను. పక్కన బీడీల అంగడి వెంకటముని అంతా చూసినాడు. ఆయన చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఇక్కడ కుప్పమ్మ అంటే ఎవరు?" అని అమర్‌నాథ్ గారు అడిగినారు.

మా ఆయన కొంగు సర్దుకొని, "నేనే కుప్పమ్మని. ఏం గావాల్రా నీకు?" అన్నాడు.

అమర్‌నాథ్ గారు చీర చూసినారు, మీసం చూసినారు, మళ్లీ చేతిలో కాగితం చూసినారు. "నువ్వు కుప్పమ్మవా?" అన్నారు.

"కాకుంటే మీ అమ్మనా? జాతర పూట లెక్కలడగను వచ్చినావే, నీకు పొద్దుపోలేదంట్రా?" అని మొదలుపెట్టి మా ఆయన అందుకున్నాడు. ఆ తర్వాతి మాటలు అర్జీలో రాసేవి కావు. వెంకటముని నాకు కూడా సగమే చెప్పినాడు, తక్కినవి ఆడవాళ్ల ముందర చెప్పకూడదన్నాడు. బాగా తిడితే అమ్మ సంతోషిస్తుందని మా ఆయన మనసు పెట్టి తిట్టినాడంట. మామూలు రోజుల్లో ఆయన కోడిని కూడా గట్టిగా అదిలించడు. ఇదంతా కామెర్లు తగ్గినందుకు సార్, అమర్‌నాథ్ గారి మీద కోపంతో కాదు. ఆయనెవరో కూడా మా ఆయనకు తెలియదు.

3. జాతర అయిన మరుసటి వారం నాకొక ఉత్తర్వు వచ్చినది. రూపశ్రీ చదివి వినిపించింది. "క్షేత్ర విచారణలో దరఖాస్తుదారు కుప్పమ్మ అనునది స్త్రీ కాదనియు, స్త్రీ వేషము ధరించిన మీసములు గల పురుషుడనియు, మహిళలకు ఉద్దేశించిన సహాయమును అపహరించు దురుద్దేశముతో ఇట్టి మోసమునకు పాల్పడినట్లును, ప్రశ్నించిన అధికారిని అసభ్య పదజాలముతో దూషించినట్లును తేలినందున దరఖాస్తు తిరస్కరించడమైనది." రూపశ్రీ చదివేసి నవ్వు ఆపుకోలేక గోడకు తిరిగింది. నాకు నవ్వు రాలేదు. రోటి ముందర కూలబడినాను.

కొండ మీద స్వామి కూడా పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేసినాడు, ఈ నాటికీ వడ్డీ కడతానే ఉన్నాడు. ఆయన్ను ఎవరైనా నువ్వు మొగోడివేనా అని అడిగినారా సార్? మోహినీ వేషం కట్టిన స్వామిని కూడా ఎవరూ అడగలేదు. ఇద్దరు బిడ్డల తల్లిని, నన్ను అడుగుతున్నారు.

4. అమర్‌నాథ్ గారి మీద నాకు కోపం లేదు. ఆయనకు తెలియదు. కళ్ల ముందర కనిపించింది రాసుకున్నారు. నా అనుమానమంతా జయరావుగారి మీద.

జయరావుగారు ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినారు. చిన్నప్పుడు మా నాయనతో ఈ జాతరకు వచ్చినప్పుడు, ఒళ్లంతా నామం సుద్ద పూసుకొని ఆయన కట్టిన బైరాగి వేషం నేను చూసినాను. వేప మండ పట్టుకొని మా నాయనను తిట్టినాడు, మా నాయన నవ్వి చిల్లర చేతిలో పెట్టినాడు. అట్లాంటి మనిషి "సార్, ఇది జాతర వేషం, ఈయన ఆమె మొగుడు" అని ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? చెప్పలేదు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకొని నిలబడినాడని వెంకటముని చెప్పినాడు. నవ్వు దాచుకున్నాడా, ఇంకేమన్నా దాచుకున్నాడా అనేది తమరే విచారించవలెను.

జాతర నాడు ఊరంతా సెలవు. తమ ఆఫీసులో ఫ్యాను కూడా తిరగదు. ఆ దినమే పని గట్టుకొని సారును మా ఇంటికే ఎందుకు పిలుచుకొని వచ్చినట్టు?

వెనక గదిలో మిగిలింది ఆ ఒక్క గ్రైండరే. వరుసలో నా తర్వాత ఉన్న పేరు యశోదమ్మది. యశోదమ్మ జయరావుగారి భార్యకు సొంత చిన్నమ్మ. ఆమెకు పిండి యాపారం లేదు. ఆమె ఇంట్లో ఇడ్లీకి కూడా పిండి మా దగ్గరే కొనేది. నాకు ఈ ఉత్తర్వు వచ్చినప్పటి నుండి కొనడం మానేసింది. ఎదురైతే మాత్రం "బాగుండావా కుప్పమ్మా" అని తానే నిలబడి అడుగుతాది. ఇన్నేళ్లలో నన్ను బాగుండావా అని ఒక్క పొద్దు అడగలేదు. అనుమానం రాదా సార్? నిప్పు లేనిదే పొగ రాదంటారు.

అయినా ఇది అనుమానం మాత్రమే. రుజువు లేదు. ఆ మాట కూడా రాసుకోండి, లేకుంటే నా మీద ఇంకో కేసు పెడతారు.

5. నేను ఊరికే కూర్చోలేదు. ఉత్తర్వు పట్టుకొని ఆఫీసుకు పోతే, దరఖాస్తుదారు స్త్రీ అని గెజిటెడ్ అధికారి సంతకంతో ధృవీకరణ తెమ్మని జయరావుగారు సెలవిచ్చినారు. ఓటరు కార్డు చూపించినాను. అందులో ఫోటో చూసి మా చిన్నోడే ఇదెవరని అడిగినాడు, అటువంటప్పుడు జయరావుగారు ఒప్పుకోకపోవడం ఒక విధంగా న్యాయమే. రేషన్ కార్డులో నా పేరు మా ఆయన పేరు కింద ఉండాది, "ఇది కూడా వేషమేమో" అన్నారు. ఆఫీసులో నలుగురూ నవ్వినారు.

సర్కారు ఆస్పత్రికి పోయినాను. డాక్టరమ్మ నా మొహం చూసి, "ఏం కుప్పమ్మా, ఇద్దరినీ నా చేతుల మీదనే కన్నావు గదా, ఇంకేం సర్టిఫికెట్ కావాల నీకు?" అన్నారు. అట్లాంటి సర్టిఫికెట్టుకు ఆస్పత్రిలో ఫారమే లేదంట. లేని ఫారం యాడ నుండి తెచ్చేది సార్? తమరే ఆ ఫారం తయారుచేయిస్తే ముందుగా నేనే నింపిస్తాను.

6. ఇప్పుడు చెప్పేది చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించినాను. అనుమానాలు రాయడం మొదలుపెట్టినాను గనుక ఇది కూడా రాస్తున్నాను. నా భర్త వరదయ్య మీద కూడా నాకు అనుమానంగా ఉండాది.

వారం కింద జయరావుగారు ఆయన్ను దారిలో ఆపి, మొగోళ్లకు వేరే స్వయం ఉపాధి నిధి ఉండాదని, అదే గ్రైండరును ఆయన పేరు మీద ఇప్పిస్తానని చెప్పినాడంట. దానికి చేయవలసిందల్లా, పిండి యాపారం చేసేది నా భార్య కాదు, నేనే అని ఆయన సంతకం పెట్టడం. దాని కింద అవునని నేనొక సంతకం పెట్టడం.

ఆ రాత్రి అన్నం తింటూ ఆయన నాతో అన్నాడు. "పేరు ఎవరిదైతే ఏంమే? ఇంటికి గ్రైండరొస్తే సాలదా? నీ భుజం నేను సూసేదానికి కాలేదు."

నేను మజ్జిగ పోసినాను. "ఏమంటావు?" అన్నాడు. "నువ్వేమంటావు?" అన్నాను. ఆయన కంచం ఎత్తుకొని లేచిపోయినాడు. అప్పటి నుండి ఇద్దరం పిండి గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. ఆయన రోజూ మధ్యాహ్నం ఎక్కడికో పోయి వస్తున్నాడు. ఎక్కడికని అడగలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం.

పేరు గురించి ఎందుకింత పట్టుదల అని తమరు అనుకోవచ్చును. కార్వేటినగరంలో మా అమ్మ మా నాయన హోటలుకు పిండి రుబ్బినంత కాలం రుబ్బింది. చట్నీ ఆమెదే, సాంబారు ఆమెదే, హోటలు పేరు మా నాయనది. నాయన పోయినాక పెద్ద కర్మ గూడా కాకముందే మా చిన్నాయన వచ్చి అంగడికి తన తాళం వేసినాడు. నీ పేరు యాడ ఉండాది చూపించమన్నాడు. మా అమ్మ చేతులు చూపించింది. చేతుల మీద పేరుండదు గదా సార్. తర్వాత అదే హోటల్లో కూలికి రుబ్బింది. నేను అది చూసినాను. మా ఆయన మంచోడు, ఆయన తమ్ముడు కూడా మంచోడే. మా చిన్నాయన కూడా ఆ తాళం వేసే దాకా మంచోడే.

కావున తమరిని ప్రార్థించునదేమనగా,

నా దరఖాస్తు మీద మళ్లీ విచారణ చేయించవలెను. అమర్‌నాథ్ గారే వచ్చినా నాకు అభ్యంతరం లేదు, జాతర కాని దినం రావలెను. ముందుగా చెప్పకుండా రావచ్చును. నన్ను చూసి పోతే చాలదు, నేను రుబ్బేది కూడా చూసి పోవలెను. మా ఆయన్ను ఏమీ అడగవద్దు.

అందాకా వెనక గదిలోని గ్రైండరును ఎవ్వరికీ ఇవ్వకూడదు. అది యాడుండాదో రోజూ కిటికీలోంచి చూసుకుంటున్నాను. గోనెపట్ట ఒక కొస లేచి ఉండాది, ఎవరో ఎత్తి చూసినట్టున్నారు.

ఈ అర్జీని ఫిర్యాదుల పెట్టెలో వేయడం లేదు. దాని తాళంచెవి జయరావుగారి దగ్గరుంటుంది. పోస్టులో కూడా వేయడం లేదు, వచ్చిన టపా విప్పేది ఆయనే. నేనే తెచ్చి తమ చేతికి ఇస్తాను. పై విషయములు తమరు చిత్తగించవలెను. చిత్తగించే ముందు జయరావుగారిని గదిలోంచి బయటికి పంపవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు, ఆడమనిషి,
కుప్పమ్మ

మనవి: ఇది ఇచ్చేదానికి తమ ఆఫీసుకు వచ్చి వరండాలో కూర్చొని రాస్తున్నాను. తమరు చిత్తూరులో మీటింగుకు పోయినారంట, సాయంత్రం వస్తారంట. నేను కదిలేది లేదు. పెన్ను బంట్రోతును అడిగి తీసుకున్నాను.

వచ్చేసరికి జయరావుగారి బల్ల ముందర మా ఆయన నిలబడి ఉన్నాడు. అనుకున్నదే అయ్యిందని తలుపు పక్కన గోడకు ఆనుకున్నాను. లోపలికి పోయి గొంతు పట్టుకుందామనుకున్నాను, అంతలో వాళ్ల మాటలు వినబడినాయి.

"సంతకం పెట్టప్పా, రేపే బండికెత్తి పంపిస్తా," అంటున్నారు జయరావుగారు. "మీ ఆడామెది నువ్వే పెట్టించుకొని రా."

"నేను పెట్టను సార్," అన్నాడు మా ఆయన. "వారం పొద్దులుగా సెప్తా ఉండాను మీకు. యాపారం ఆమెది. నేను బిందెలు మోసేటోణ్ణి. లేనిది ఉండాదని నేనెట్ల రాసిచ్చేది?"

"ఇది కాదంటే నీకూ రాదు, ఆమెకూ రాదు. తెలుస్తా ఉండాదా? యశోదమ్మకు పోతుంది."

"పోతే పోనీండి. రుబ్బురోలు ఉండాది, నేను రుబ్బతా. నాకు సేతులు లేవా? ఆమె పేరు మీదొస్తేనే అది మా ఇంటికి రావాల. ఊరోళ్ల ముందర నన్ను ఆమె పేరు పెట్టి పిలిస్తే పలికినోణ్ణి, ఆ పేరు తీసేయమంటే ఎట్ల తీసేది సార్?"

అని ఆ కాగితం బల్ల మీదికి నెట్టేసి, అవతలి తలుపులోంచి పోయినాడు. నన్ను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. వరండాలో జనం ఉన్నారని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

కావున పై ఆరవ అంశంలో నా భర్త వరదయ్య మీద వ్రాసిన అనుమానము ఇందుమూలముగా రద్దు చేయడమైనది. తక్కిన అనుమానములు యథాతథముగా నిలుచును. యశోదమ్మ పేరు జయరావుగారి నోటనే విన్నాను గనుక ఒకటి ఇంకా గట్టిపడినది.

తేరగా వచ్చేదాన్ని మా ఆయన కాదనేసినాడు. ఇంక మాకు తమరు తప్ప ఎవరూ లేరు. తమరిని నమ్మాలనే ఉండాది సార్, భయంగా కూడా ఉండాది.

ఒక్క ఉపకారం చేయండి. ఆరో అంశం చదివిన వెంటనే ఆ కాగితం చించేయండి. తమ ఆఫీసులో అన్ని కాగితాలూ అందరూ చదువుతారు. నేను ఆయన్ను అట్లా అనుకున్నానని ఆయన చెవిన పడకూడదు.